ఉద్యోగుల ఆకాంక్షలు: ఊఁ కొట్టి వినాల్సిన కథలు

ఏడాదికోసారి ఉద్యోగుల ముందుకు ఒక ప్రశ్నావళి వస్తుంది. వచ్చే ఐదేళ్లలో ఏ స్థాయికి చేరాలనుకుంటున్నారు, మీ వృత్తి లక్ష్యాలేమిటి, సంస్థ మీకు ఎలా తోడ్పడాలి అని అందులో అడుగుతారు. ఏ సంస్థలో చూసినా జవాబులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి: ప్రమోషన్, జీతం పెంపు, కొత్త నైపుణ్యాలు నేర్చుకునే వీలు, ఇంటికి వేళకు చేరుకునే పని వేళలు. ఇవి అబద్ధాలు కావు. కానీ వీటిని చేతిలో పెట్టుకుని ఒక్క నిర్ణయం తీసుకోవడం కూడా కష్టం. ఏ ఉద్యోగి దేనికోసం తపిస్తున్నాడో, ఏది దక్కక లోలోపల నలిగిపోతున్నాడో ఆ జవాబుల్లో కనిపించదు. అడిగేది జీతమిచ్చే సంస్థ, చెప్పేది ఆ జీతం మీద బతికే మనిషి. వాళ్ల మధ్య సూటి ప్రశ్నకు అడిగినవారికి నచ్చే జవాబో, ఎవరికీ ఇబ్బంది లేని జవాబో వస్తుంది తప్ప మనసులో మాట రావడం అరుదు.

ఉద్యోగులు వాడే వ్యవస్థలను తయారుచేసేవాళ్లకు ఇది పెద్ద చిక్కు. సెలవు దరఖాస్తు, షిఫ్టుల పట్టిక, శిక్షణ, బదిలీ కోరడం, ఫిర్యాదు చేయడం, పనితీరు మదింపు ఇప్పుడు చాలాచోట్ల ఏదో ఒక తెర మీదే జరుగుతున్నాయి. అక్కడ ఉద్యోగే వినియోగదారు. ఏ బటన్ దగ్గర తడబడుతున్నారో పక్కన కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. ఆ మనిషి ఈ పనిలో ఏమవ్వాలనుకుంటున్నారో, ఎలాంటి గుర్తింపు కోరుకుంటున్నారో మాత్రం పక్కన కూర్చున్నా తెలియదు. ఒక వ్యవస్థను వాడే మనుషులను అర్థం చేసుకునే పరిశోధనను యూజర్ రీసెర్చ్ అంటారు. అందులో కథ చెప్పించే పద్ధతులు అక్కరకొచ్చేది ఇక్కడే. ఏం కావాలని అడగడం మానేసి, ఏం జరిగిందో చెప్పమనడం వీటికి మూలం. ఆకాంక్షను నేరుగా అడిగితే దొరికేది తక్కువ. జరిగిన సంగతి చెబుతున్నప్పుడు మాత్రం, చెప్పేవారి ప్రయత్నం లేకుండానే, మాటల సందుల్లోంచి అది తొంగిచూస్తుంది.

విమానాల దగ్గర మొదలైన పద్ధతి

ఈ పద్ధతికి పూర్వీకులు మానవ వనరుల విభాగాల్లో లేరు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా సైనిక విమానాల చుట్టూ ఉన్నారు. పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1947లో ఒక అధ్యయనం వెలువరించారు. విమానంలోని మీటలు వాడుతున్నప్పుడు తాము చేసిన లేదా కళ్లారా చూసిన ఒక పొరపాటును వివరంగా చెప్పమని పైలట్లను అడిగి, అలాంటి 460 అనుభవాలను పోగుచేశారు. అంతవరకు ‘పైలట్ తప్పిదం’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేసినవే అవన్నీ. వరసపెట్టి చదివితే వేరే సంగతి తేలింది. దాదాపు సగం పొరపాట్లు ఒక మీట అనుకుని మరో మీటను కదిలించడం వల్ల జరిగినవే. పక్కపక్కన ఒకే ఆకారంలో ఉన్న మీటలు, విమానానికొక చోట ఉండే మీటలు మనుషులను తప్పుదోవ పట్టించాయి. మీటల అమరికలో లోపాలేమిటని పైలట్లను అడిగి ఉంటే ఇంత స్పష్టంగా తెలిసేది కాదు. ఆ రోజు చేయి ఎటు వెళ్లిందో చెప్పమన్నారు కాబట్టే తెలిసింది.

ఆ యుద్ధకాలపు అనుభవాన్నే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఫ్లానగన్ 1954లో ఒక పద్ధతిగా సూత్రీకరించాడు. పనిలో మలుపు తిప్పిన ఒక్కో ఘటనను, దాని ముందువెనుకలతో సహా, ప్రత్యక్షంగా తెలిసిన మనిషి చేత చెప్పించడం దాని సారాంశం. సాధారణంగా మీరేం చేస్తారు అని అడగకూడదు, ఫలానా రోజు ఏం చేశారని అడగాలి. నేటి యూజర్ రీసెర్చ్ ఇంటర్వ్యూల్లో వినిపించే ‘కిందటిసారి ఇది చేసినప్పుడు ఏం జరిగిందో చెప్పండి’ అనే ప్రశ్న ఈ దారిలో వచ్చిందే.

పొరపాట్లకు పనికొచ్చిన పద్ధతిని మనిషి ఆశల వైపు తిప్పినవాళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ ముఖ్యుడు. ఆయన బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 203 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కలిసి, ఉద్యోగం విషయంలో అసాధారణమైన సంతోషం కలిగిన సందర్భం గానీ, అసాధారణమైన బాధ కలిగిన సందర్భం గానీ చెప్పమంది. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. సంతోషపు కథల నిండా ఏదో సాధించడం, దానికి గుర్తింపు రావడం, పనిలోనే ఉన్న ఆసక్తి, బాధ్యత చేతికందడం కనిపించాయి. బాధ కథల నిండా సంస్థ విధానాలు, పైఅధికారి తీరు, జీతం, పని పరిస్థితులు ఉన్నాయి. ఈ రెండు జాబితాలూ వేరువేరుగా ఉండటం అప్పట్లో పెద్ద చర్చకు దారితీసింది. దాని మీద వచ్చిన విమర్శ ఈ వ్యాసానికి ఇంకా ముఖ్యం, దాని ప్రస్తావన తర్వాత వస్తుంది.

జిరాక్స్ మెకానిక్కులు చెప్పుకున్న ముచ్చట్లు

కథలు విని, అందులోంచి ఉద్యోగుల ఆకాంక్షను పట్టుకుని, దాన్ని ఒక పనిముట్టులో పొదిగిన ఉదాహరణ కావాలంటే జిరాక్స్ సంస్థ చరిత్ర చూడాలి. 1980లలో ఆ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేసిన జూలియన్ ఓర్ ఒకప్పుడు స్వయంగా టెక్నీషియన్. తర్వాత మానవ శాస్త్రం చదివాడు. కాపీ యంత్రాలు బాగుచేసే సిబ్బంది వెంట తిరిగి, వాళ్లతో కలిసి భోజనం చేసి, వాళ్ల పనిని దగ్గర నుంచి గమనించాడు. కాగితం మీద ఆ ఉద్యోగం చాలా సులువు. యంత్రం ఒక లోపం కోడు చూపిస్తుంది, మాన్యువల్ తెరిస్తే ఆ కోడుకు ఏం చేయాలో వరసగా ఉంటుంది, అలాగే చేసి వచ్చేయాలి. నిజంలో యంత్రాలు అంత బుద్ధిగా ప్రవర్తించవు. చూపే కోడు ఒకటి, అసలు లోపం మరొకటి అయిన సందర్భాలు ఉంటాయి. అలాంటప్పుడు ఇద్దరు టెక్నీషియన్లు యంత్రం ముందు కూర్చుని, ఇదే లక్షణం ఫలానా చోట కనిపించినప్పుడు ఏమైందో ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. కథ మీద కథ వేసుకుంటూ పోతే చివరికి లోపం దొరికేది.

ఉదయపు ఫలహారం దగ్గర, మధ్యాహ్న భోజనం దగ్గర సాగే ఈ ముచ్చట్లు చూసేవారికి కాలక్షేపంలా అనిపిస్తాయి. అవే వాళ్ల అసలు పాఠశాల అని ఓర్ చూపించాడు. మన విషయానికి ఇంకా దగ్గరిది మరొకటుంది. ఆ కథల్లో ఎవరు గొప్పవారు, ఏది గొప్ప పని అనే తీర్పు దాగి ఉంది. జీతం పెరిగిన రోజు, ప్రమోషన్ వచ్చిన రోజు ఆ కథలకు వస్తువులు కావు. మాన్యువల్ చేతులెత్తేసిన చోట యంత్రాన్ని లొంగదీసుకున్న రోజు, మండిపడుతున్న కస్టమర్‌ను శాంతింపజేసిన రోజు వాటికి వస్తువులు. తోటి మెకానిక్కుల దృష్టిలో చేయి తిరిగిన మనిషి అనిపించుకోవడమే వాళ్ల ఆకాంక్ష. ఏ సర్వే కాగితమూ ఆ ముక్క రాబట్టలేదు.

ఈ అవగాహన తర్వాత యురేకా అనే వ్యవస్థకు పునాది అయింది. క్షేత్రంలో కనిపెట్టిన చిట్కాలను టెక్నీషియన్లే రాసి పంపితే, వాటిని అనుభవజ్ఞులు పరీక్షించి అందరికీ అందుబాటులో పెట్టే ఏర్పాటు అది. 1990లలో ఫ్రాన్స్‌లో, అక్కడి ఇళ్లలో ఫోన్ లైను మీద నడిచే మినిటెల్ టెర్మినళ్ల సాయంతో అది మొదట నడిచింది. చిట్కాకు ఇంత అని డబ్బు ఇస్తే బాగుంటుందన్న ఆలోచన వచ్చింది. టెక్నీషియన్లు ఒప్పుకోలేదు. డబ్బు పెడితే నాణ్యత పోయి సంఖ్య మీదకు దృష్టి మళ్లుతుందన్నది వాళ్ల అభ్యంతరం. చిట్కా కింద రాసినవారి పేరు ఉండేలా చూశారు. ఆ చిట్కాతో ఇంకో ఊళ్లో యంత్రం బాగుపడితే ఎవరి పుణ్యమో అక్కడి మెకానిక్‌కు తెలుస్తుంది. తెర మీద ఒక పేరు పట్టేంత జాగా కేటాయించడం రూపకర్తకు చిన్న పని. ఆ జాగా ఎవరికి ఎంత ముఖ్యమో తెలియడానికి మాత్రం ఎవరో ఒకరు ఏళ్ల తరబడి వాళ్ల కథలు వినాల్సి వచ్చింది.

ప్రశ్నాపత్రం పక్కన పెట్టిన హాథార్న్

ఇంతకంటే ముందే, 1928లో, షికాగో శివారులోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ హాథార్న్ కర్మాగారంలో కార్మికులతో ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. 1930 నాటికి 21 వేల మందికి పైగా కార్మికులతో మాట్లాడారు. తొలుత పని పరిస్థితులు, పర్యవేక్షణ, పని స్వభావం గురించి రాసిపెట్టుకున్న ప్రశ్నలు అడిగేవాళ్లు. కార్మికులు వాటికి ముక్తసరిగా జవాబిచ్చి, తమకు ముఖ్యమైన మరేదో విషయానికి మళ్లిపోయేవాళ్లు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మళ్లీ ప్రశ్నాపత్రంలోకి లాక్కొచ్చేవాళ్లు, వాళ్లు మళ్లీ జారిపోయేవాళ్లు. 1929లో పద్ధతి మార్చారు. దేని గురించి మాట్లాడాలో కార్మికుడే ఎంచుకుంటాడు, వినేవాడు అడ్డుపడడు, సలహా ఇవ్వడు, వాదించడు. అరగంటలో ముగిసే సంభాషణ గంటన్నరకు పెరిగింది.

ఆ కార్యక్రమం మిగిల్చిన పాఠాల్లో ఒకటి నేటికీ పరిశోధకులకు పెద్ద బాలశిక్ష లాంటిది. ఒక కార్మికుడు తన పనికి ఇచ్చే రేటు చాలా తక్కువని ఫిర్యాదు చేశాడు. మాటల్లో తెలిసిందేమిటంటే అతని భార్య ఆసుపత్రిలో ఉంది, వైద్యుడి బిల్లులు మీద పడ్డాయి, ఉన్న సంపాదన చాలడం లేదు. రేటు ఎంత అన్న లెక్క దగ్గరే ఆగి ఉంటే ఫిర్యాదు సరైనదా కాదా అని తేల్చి ఫైలు మూసేసేవాళ్లు. మనిషి నోటి నుంచి వచ్చిన మాటకు పైకి కనిపించే అర్థం ఒకటి, దాన్ని పలికించిన పరిస్థితి ఒకటి. రెండూ విని తీరాలి. ఆకాంక్షల విషయంలోనూ ఇంతే. ‘నాకు నైట్ షిఫ్ట్ వద్దు’ అన్నది షిఫ్టుల పట్టికకు సంబంధించిన కోరికలా కనిపిస్తుంది. దాని వెనుక సాయంత్రం కాలేజీలో చేరి డిప్లొమా పూర్తి చేయాలన్న పట్టుదల ఉండొచ్చు, పిల్లల చదువు దగ్గరుండి చూసుకోవాలన్న తపన ఉండొచ్చు. ఈ రెండింటికీ ఒకే పరిష్కారం పనికిరాదు.

కథలో పడ్డాక మాట దాచుకోవడం ఎందుకు కష్టం

సూటి ప్రశ్నకు జాగ్రత్తగా జవాబిచ్చే మనిషి కథ చెప్పేటప్పుడు అంత జాగ్రత్తగా ఉండలేకపోవడానికి కారణాన్ని 1970లలో జర్మన్ సామాజికవేత్త ఫ్రిట్జ్ ష్యుట్సె వివరించాడు. గ్రామ పాలనా విభాగాల విలీనం మీద స్థానిక నాయకులతో మాట్లాడుతూ ఆయన ఈ పద్ధతికి రూపమిచ్చాడు. కథ మొదలుపెట్టిన మనిషిని మూడు ఒత్తిళ్లు ముందుకు నెడతాయన్నది ఆయన పరిశీలన. మొదలుపెట్టినదాన్ని ముగించకుండా వదలలేరు. ఉన్నదంతా చెప్పడం కుదరదు కాబట్టి తమకు ముఖ్యమైనదాన్నే ఏరుకుంటారు. వినేవారికి అర్థం కావాలంటే అవసరమైన చోట వివరాల్లోకి దిగక తప్పదు. ఈ మూడూ కలిసి, అభిప్రాయంగా అడిగితే ఎప్పటికీ బయటకు రాని సంగతులను నోటికి తెస్తాయి. ఏది ఏరుకున్నారన్నదే ఆ మనిషికి ఏది ముఖ్యమో చెప్పేస్తుంది.

అమెరికన్ భాషా శాస్త్రవేత్త విలియం లబోవ్ పరిశీలన దీనికి చక్కటి జోడీ. న్యూయార్క్ వీధుల్లో మామూలు జనం చెప్పిన స్వానుభవ కథలను ఆయన నిశితంగా విశ్లేషించాడు. ప్రతి కథలో ఏం జరిగిందన్న వరసతో పాటు, అది ఎందుకు చెప్పదగిందో తెలిపే భాగం ఒకటి ఉంటుందన్నాడు. ఆ రెండో భాగం తరచు వ్యతిరేక క్రియల్లో దొరుకుతుంది. జరగని సంగతిని ఎవరైనా ఎందుకు ప్రస్తావిస్తారు? జరుగుతుందని ఎదురుచూశారు కాబట్టి. పొద్దున్నుంచి ఆఫీసులో జరగని సంగతులు లక్ష ఉంటాయి. వాటిలోంచి ఒకదాన్ని ఎంచి ‘ఎవరూ అడగలేదు’, ‘ఒక్క మాటైనా అనలేదు’, ‘నన్ను పిలవలేదు’ అని చెబుతున్నారంటే ఆ మనిషి ఆశ అక్కడే ఉంది. ఆకాంక్షలు వెతికే పరిశోధకులు ఈ ఒక్క సూచన మనసులో పెట్టుకున్నా సగం పని తేలికవుతుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అంగన్‌వాడీ కేంద్రాల వివరాలు ఇప్పుడు పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు చేయాలి. కేంద్ర ప్రభుత్వం దాన్ని 2021లో ప్రవేశపెట్టింది. పిల్లల ఎత్తు, బరువు, హాజరు, ఇంటికిచ్చే సరుకులు అన్నీ అందులోకి ఎక్కాలి. అలాంటి యాప్‌ను మెరుగుపరచడానికి ఒక పరిశోధకురాలు ఒక అంగన్‌వాడీ టీచర్‌ను కలిసి, మీకు ఏ మార్పులు కావాలమ్మా అని అడిగితే వచ్చే జవాబు ఊహించదగిందే: సర్వర్ సరిగా పనిచేయాలి, మంచి ఫోను ఇవ్వాలి, ఒకే వివరం రెండుసార్లు రాయించకూడదు. అన్నీ న్యాయమైనవే, అన్నీ తీర్చాల్సినవే. ఇప్పుడు అదే పరిశోధకురాలు ప్రశ్న మార్చి, ఈ మధ్య మీకు బాగా గుర్తుండిపోయిన ఒక రోజు గురించి మొదటి నుంచి చెప్పమంటుంది. టీచర్ ఇలా చెప్పుకొస్తుంది:

‘ఒక పాప రెండు నెలలుగా బరువు పెరగలేదండీ. తల్లి పత్తి ఏరడానికి పోతుంది, పొద్దుగూకితే గానీ రాదు. ఒకరోజు సాయంత్రం నేనే ఇంటికెళ్లాను. నాయనమ్మ టీలో బిస్కెట్ ముంచి పెడుతోంది. పాపకు అదే భోజనం. ఆమెను ఏమీ అనలేదు. బాలామృతం ఎలా కలపాలో అక్కడే కలిపి చూపించాను. ఆ తర్వాత కూడా నాలుగైదుసార్లు వెళ్లాను. మా ఆయా కూడా వచ్చేది. తర్వాతి నెల తూకం వేస్తే అరకిలో దాకా పెరిగింది. సెక్టార్ మీటింగ్‌లో తెర మీద ఆ పాప పేరు పచ్చరంగులోకి వచ్చింది. ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. మూడు రోజులు ఫొటో ఎక్కించలేదని మాత్రం నా పేరు చదివారు. ఆ నాయనమ్మ మాత్రం దారిలో కనబడితే టీచరమ్మా అని ఆగి పలకరిస్తుంది.’

సర్వర్ ఊసే లేదు. కోరిక అని చెప్పదగిన వాక్యం ఒక్కటీ లేదు. అయినా ఆమె ఏమవ్వాలనుకుంటోందో ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం. పిల్లల ఆరోగ్యం తెలిసిన మనిషిగా, బిడ్డను గట్టెక్కించిన మనిషిగా తనను చూడాలని ఆమె ఆశ. వివరాలు ఎక్కించే గుమాస్తాగా చూడటం ఆమెకు గాయం. ‘ఎవరూ అడగలేదు’ అన్న మాట దగ్గర కథ మొత్తం తూగుతోంది. యాప్ రూపకర్తకు ఇందులో చేయదగిన పని ఉంది. ఇంటికి వెళ్లి చేసిన ప్రయత్నాన్ని గొంతుతోనే నమోదు చేసుకునే వీలు, ఎరుపు నుంచి పచ్చకు మారిన పేరు పక్కన ఆ ప్రయత్నం కనిపించే ఏర్పాటు, సూపర్‌వైజర్ తెర మీద కూడా లోపాల చిట్టా కంటే ముందు అదే రావడం. ఇవేవీ మొదటి ప్రశ్నకు వచ్చిన జాబితాలో లేవు.

అడిగే తీరు, వినే తీరు

మన ఇళ్లలో కథ చెప్పే పెద్దవాళ్లు ముందే షరతు పెట్టేవాళ్లు: ఊఁ కొడితేనే చెబుతాను. బుర్రకథలో వంతపాట లేకపోతే కథకుడి అడుగు ముందుకు పడదు. వినేవారి పాత్ర కథకు ఎంత అవసరమో తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పరిశోధన ఇంటర్వ్యూలో చేయాల్సింది కూడా అదే. మధ్యలో ‘ఎందుకు’ అని అడిగితే మనిషి కథలోంచి బయటికొచ్చి సంజాయిషీ మొదలుపెడతాడు. ‘తర్వాత ఏమైంది’ అంటే కథలోనే ఉంటాడు. ఆగిపోయినప్పుడు కాస్త మౌనం భరించాలి. చాలామంది పరిశోధకులు ఆ మౌనాన్ని తట్టుకోలేక తర్వాతి ప్రశ్నకు దూకుతారు, ముఖ్యమైన మాట అక్కడే పోతుంది. కథ ముగిసిందని చెప్పేవారే సూచించాక, అప్పుడు వాళ్లు వాడిన మాటలతోనే అడగాలి. ‘ఎవరూ అడగలేదన్నారు కదా, ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేవారు?’ అన్న ప్రశ్న ఆ అంగన్‌వాడీ టీచర్ ముందు పెడితే ఏ ప్రశ్నావళికీ రాని జవాబు వస్తుంది.

భాష సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హైదరాబాద్ ఐటీ సంస్థల్లో ఇలాంటి సంభాషణలు సహజంగానే ఇంగ్లిష్‌లో సాగుతాయి. మదింపు పత్రాల్లో ఏళ్లుగా వాడి వాడి అరిగిపోయిన ఇంగ్లిష్ మాటలు అప్పుడు వాటంతటవే నోటికొస్తాయి. నాయకత్వం, ఎదుగుదల, ప్రభావం అంటూ ఎవరికి వారు ఒకే పాఠం అప్పజెబుతారు. అదే మనిషిని ఇంటిభాషలో, ఆదిలాబాద్ యాసైనా శ్రీకాకుళం యాసైనా దిద్దకుండా చెప్పనిస్తే ఘటన రంగూ వాసనతో సహా వస్తుంది. రాతలోకి ఎక్కించేటప్పుడు కూడా ఆ మాటలనే ఉంచాలి. ఇంగ్లిష్‌లో సారాంశం రాసుకుని దాని మీద విశ్లేషణ మొదలుపెట్టడం సమయం ఆదా చేసినట్టే అనిపిస్తుంది. ‘ఎవరూ అడగలేదు’ అన్న వాక్యం ఆ సారాంశంలో ‘గుర్తింపు లోపం’ అనే శీర్షికగా మారిపోతుంది. ఎవరు, ఎప్పుడు, దేని గురించి అడగాల్సింది అన్నది మాయమవుతుంది. యంత్రాల చేత సారాంశాలు తీయిస్తున్న ఈ రోజుల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం.

విశ్లేషణలో కథను ముక్కలు చేసి చీటీల మీద అంటించి గుంపులుగా పేర్చడం యూజర్ రీసెర్చ్‌లో అలవాటైన పని. అంతకుముందే ప్రతి కథనూ ఒకరికంటే ఎక్కువ మంది మొత్తంగా చదవాలి. ఎక్కడ మలుపు తిరిగింది, ఎవరి పేరు చెప్పారు, ఎవరిని పేరు లేకుండా ‘వాళ్లు’ అన్నారు, ఎక్కడ గొంతు మారింది అన్నవి చూశాకే చీటీల జోలికి పోవడం మంచిది.

చెప్పని ఆశలు, చెప్పలేని ఆశలు

కథ విన్నంత మాత్రాన అది జరిగినట్టే జరిగిందని కాదు. హెర్జ్‌బర్గ్ అధ్యయనం మీద 1964లో మనస్తత్వ శాస్త్రవేత్త విక్టర్ వ్రూమ్ లేవనెత్తిన అభ్యంతరం ఇదే. మంచి జరిగితే తన ప్రతిభ వల్లనే, చెడు జరిగితే సంస్థ వల్లో పైఅధికారి వల్లో అని చెప్పుకోవడం మనిషి స్వభావం. కాబట్టి సంతోషపు కథల్లో సాధన, బాధ కథల్లో సంస్థ కనిపించడంలో కొంత ఆ స్వభావం పాలు కూడా ఉంది. సంస్థలో అన్యాయం జరిగిందా లేదా అని తేల్చడానికి ఒక్క కథ చాలదు. కానీ ఆ మనిషి తనను తాను ఎలా చూసుకోవాలనుకుంటున్నాడో తెలుసుకోవడానికి ఆ వంకర కూడా సమాచారమే. తన కథలో తనకు తాను ఏ వేషం వేసుకున్నాడో అది అతని ఆకాంక్షకు చాలా దగ్గర.

హేజల్ మార్కస్, పౌలా న్యూరియస్ అనే అమెరికన్ పరిశోధకులు 1986లో మరో కోణం చూపారు. మనిషిని నడిపించేది తానెలా అవ్వాలనుకుంటున్నాడన్న ఊహ ఒక్కటే కాదు, ఎలా అయిపోతానేమోనన్న భయం కూడా. ‘మా సెక్షన్‌లో ఒకాయన ముప్పై ఏళ్లు అదే కుర్చీలో కూర్చుని రిటైరయ్యాడు’ అని ఇతరుల గురించి చెప్పే కథలో ఆ భయం కనిపిస్తుంది. తన గురించి నోరు విప్పని ఉద్యోగి కూడా పక్క సీటు మనిషి గురించి ధారాళంగా మాట్లాడతాడు, అందులో తన సంగతీ ఉంటుంది.

మానవ శాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై 2004లో రాసిన వ్యాసంలోని మాట అన్నిటికంటే లోతైనది. ఆశించడం కూడా ఒక సామర్థ్యమే, అది సమాజంలో సమానంగా పంచి లేదని ఆయన వాదన. కలిగినవారికి ఇక్కడి నుంచి అక్కడికి దారులు ఎన్ని ఉన్నాయో తెలుసు, ఎక్కి దిగి చూసిన అనుభవమూ ఉంటుంది. పేదవారికి తెలిసిన దారులు తక్కువ, తప్పిపోతే వచ్చే నష్టం ఎక్కువ. అందుకే ఒక సంస్థలో మేనేజర్‌నూ, అదే భవనంలో హౌస్‌కీపింగ్ చేసే కాంట్రాక్ట్ మహిళనూ ఒకే ప్రశ్న అడిగి, ఆమె పెద్దగా ఏమీ చెప్పలేదు కాబట్టి ఆమెకు ఆశలు తక్కువని రాసుకోవడం దారుణమైన తప్పు. ఆమె ఆశ ఆమె కథలో తన గురించి ఉండకపోవచ్చు. ‘మా అమ్మాయి ఈ చీపురు పట్టకూడదు’ అన్న వాక్యంలో ఉంటుంది. తెలుగునాట కార్మిక కుటుంబాల్లో ఆశ ఒక తరం దాటి కూర్చుంటుంది. సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల కోసం దశాబ్దాలుగా సాగిన ఆరాటం చూసినవారికి ఇది తెలిసిన విషయమే. ఉద్యోగి ఆకాంక్ష అంటే ఆ ఉద్యోగి హోదా పెరగడమే అనుకుని తయారుచేసిన పోర్టల్‌లో అలాంటి మనిషికి చోటుండదు. పిల్లల ఫీజుల కాలంలో అడ్వాన్స్ తేలిగ్గా అందడం, పరీక్షల నెలలో షిఫ్ట్ మార్చుకునే వీలు ఆమె ఆశకు నిజంగా తోడ్పడేవి.

చెప్పినవారికి ముప్పు రాకుండా

కథలోని బలమే దాని ప్రమాదం. పేరు తీసేసినా కథ మనిషిని పట్టిస్తుంది. పాతికమంది ఉన్న ఆఫీసులో ‘ప్రసూతి సెలవు నుంచి వచ్చాక తన ప్రాజెక్టు పోయిన టీమ్ లీడ్’ అని రాస్తే పేరు రాసినట్టే. కాబట్టి వివరాలు మార్చడం, రెండు మూడు కథలను కలిపి చూపడం, ఏ రూపంలో ఎవరికి చూపబోతున్నామో చెప్పినవారికే ముందు చూపించి వద్దన్నది తీసేయడం తప్పనిసరి. వినేవారు ఆ ఉద్యోగి పైఅధికారి గానీ, మదింపుతో సంబంధమున్నవారు గానీ కాకూడదు. రికార్డింగ్ ఎక్కడుంటుందో, ఎప్పుడు చెరిపేస్తారో మొదటే చెప్పాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాలను సమ్మతి లేకుండా సమాచారం వాడుకోదగిన సందర్భాల్లో ఒకటిగా పేర్కొంది. చట్టం ఇచ్చిన ఆ వెసులుబాటును ఇలాంటి పరిశోధనకు వాడుకోవడం నమ్మకద్రోహమే అవుతుంది. మనసు విప్పి చెప్పిన మాటకు ప్రతిసారీ, ప్రతి వాడకానికీ విడిగా అనుమతి తీసుకోవాలి. మరీ ముఖ్యంగా, పరిశోధన కోసం చెప్పిన కథను సంస్థ వార్షికోత్సవ వీడియోలో విజయగాథగా వాడేసుకోవడం మానుకోవాలి.

హాథార్న్ కథకు ఒక చేదు కొనసాగింపు ఉంది. ఇంటర్వ్యూల విజయం చూసి ఆ సంస్థ 1936లో శాశ్వత కౌన్సెలింగ్ కార్యక్రమం మొదలుపెట్టింది. కౌన్సెలర్లు కర్మాగారంలో తిరుగుతూ కార్మికుల మాటలు వినేవాళ్లు. విన్నదాని మీద చర్య తీసుకునే అధికారం మాత్రం వాళ్లకు లేదు. గోప్యత కాపాడాలి కాబట్టి పైకి చెప్పనూ కూడదు. కార్మికుడి గుండె బరువు దిగుతుంది, రేటు మారదు, ఫోర్‌మన్ మారడు. కార్మికుల అసంతృప్తిని సంఘం దాకా పోనీయకుండా మాటల్లోనే చల్లార్చే ఎత్తుగడ అన్న విమర్శ వచ్చింది. 1950లలో ఆ కార్యక్రమం ఆగిపోయింది.

ఆ విమర్శ నేటి యూజర్ రీసెర్చ్ బృందాలకూ వర్తిస్తుంది. కథలు చెప్పించే ముందు తమ చేతిలో ఏముందో, ఏం లేదో వాళ్లు తేల్చి చెప్పాలి. తెర మార్చగలం, ఫారంలో గడులు తగ్గించగలం, సమావేశంలో ఏది ముందు కనిపించాలో సూచించగలం, వేతనం మీద మాకు అధికారం లేదు అని మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పడం గౌరవం. అంగన్‌వాడీ కేంద్రాలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975లో మొదలైన నాటి నుంచి అంగన్‌వాడీ టీచర్లను గౌరవ వేతనం మీద పనిచేసే స్వచ్ఛంద సేవకులుగానే లెక్కగట్టారు. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వేతనం, గ్రాట్యుటీ డిమాండ్లతో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబరులో సమ్మెకు దిగి, మరుసటి నెల దాకా కొనసాగించారు. ఆ డిమాండ్లు ఏ యాప్ మార్పుతోనూ తీరేవి కావు. పరిశోధనలో అలాంటి కథలు విన్నప్పుడు వాటిని ‘మా పరిధిలో లేనివి’ అని పక్కన పడేయకుండా, నివేదికలో విడిగా, చెప్పినవారి మాటల్లోనే, వేతనం మీదా నియామకం మీదా నిర్ణయం తీసుకోగల అధికారి పేరిట చేర్చి పంపాలి. పంపిన సంగతి, దానికి వచ్చిన జవాబు, జవాబు రాకపోతే ఆ సంగతి కూడా కథ చెప్పినవారికి తెలియజేయాలి.